రెండు గంటల సంఘం

హాలు మాకు పదకొండు నుంచి ఒంటిగంట వరకే.
మాకు ముందు మలయాళం, మా తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్లు.
మధ్యలో తెలుగు,
ఎవరో కూర్చుని లేచిన వేడి కుర్చీల్లో.

శుక్రవారం మంగాఫ్‌లో నన్ను పాస్టరు గారూ అంటారు.
శనివారం తెల్లారితే నీళ్ల ట్యాంకరు డ్రైవర్ని.
వెనక ఐదువేల గ్యాలన్లు,
పక్క సీట్లో ఎవరూ ఉండరు.

ఊళ్లో ఏకాంతం కోసం తలుపేసుకునేవాణ్ణి,
పిల్లలు కొడుతూనే ఉండేవాళ్లు.
ఇక్కడది అడక్కుండానే దొరికింది,
ఆరో రింగు రోడ్డు మీద, ఏసీ చెడిన క్యాబిన్లో.
మొదట్లో భయమేసి రేడియో పెట్టేవాణ్ణి,
అర్థంకాని వార్తలైనా మనిషి గొంతే కదా అని.
ఇప్పుడు పెట్టను.
ప్రార్థన చేస్తాననుకునేరు, ఎక్కువసార్లు ఊరికే ఉంటాను.
దేవుడూ ఊరికే ఉంటాడు.
ఇద్దరం ఇసుక చూసుకుంటూ పోతాం.

దీనమ్మది పుల్లంపేట.
మూడేళ్లుగా సంఘం పుస్తకంలో పేరుంది,
మనిషిని ఎవరూ చూడలేదు.
శుక్రవారమే మేడం ఇంటికి చుట్టాలొస్తారు.
ఆరాధన మొదలవగానే ఒక మిస్డ్ కాల్.
యోనా తిరిగి చేసి, ఫోను కానుకల సంచి పక్కన పెడతాడు.
అవతల కుళాయి, పళ్లేలు,
అప్పుడప్పుడు, చాలా చిన్నగా, ఆమెన్.

ఒకసారి కబురంపింది:
"అయ్యగారూ, బల్ల తీసుకుని మూడేళ్లయింది."

మంగళవారం సల్వాలో నీళ్లు దించే వంతు నాది.
పైపు తగిలించి మోటారు వేశాను.
చెత్త సంచులతో వెనక గేటు తీసుకుని వచ్చింది,
నేననుకున్నదానికంటే పొట్టి మనిషి.
చెత్త డ్రమ్ము పక్కన, రెండు పిల్లులు చూస్తుండగా,
జేబులోంచి కుబూసు ముక్క,
దగ్గుమందు మూతలో ద్రాక్షరసం.
చెప్పాల్సిన మాటలు నాకు సగమే గుర్తొచ్చాయి.
మిగతా సగం మోటారు చప్పుడులో ఆమే అంది.
చేతులు క్లోరాక్స్ వాసన.

"అందరూ బాగున్నారా అయ్యా?"
అందరూ అంటే, ఎన్నడూ చూడని నలభైమంది.
సలోమి మోకాలు తగ్గిందా,
ఏసోబుకు అకామా కొట్టారా,
మూడో పాటకి రాగం తప్పే ఆ కుర్రాడు
రెండు వారాలుగా వినబడ్డం లేదేం?

ఏ కుర్రాడు?
నేను ముందు నిలబడి, వాళ్ల మొహాలు చూస్తూ
వాక్యం చెప్పేవాణ్ణి.
నాకు తెలీలేదు.

ఈలోగా ట్యాంకు నిండి వీధిలోకి పొర్లింది.
పైనుంచి ఎవరో అరబ్బీలో తిడుతున్నారు.
మోటారు ఆపడానికి పరిగెత్తాను.
వెనక్కి తిరిగేసరికి గేటు వేసి ఉంది.
దగ్గుమందు మూత ఆమె దగ్గరే ఉండిపోయింది.