నిమిషానికి డెబ్బై రెండు

పులివెందుల సంతలో కొన్న పెయ్య
ఇరవై దూడలతో ఒకే బండిలో
ఊపిరి పంచుకుంటా వచ్చింది.
మూడోనాటికి ముక్కు కారింది, చెవులు వాలినాయి.

డాక్టరమ్మ మాబున్ని
డొక్కమీద చెయ్యి పెట్టి
సెల్లు చూస్తా లెక్కబెట్టింది.
"డెబ్బై రెండు.
వైరసుకు మందు లేదు ఓబులేసూ,
ఈ సూది దాని ఎనకాల వచ్చేదానికి.
తక్కినవాటికి దూరంగా కట్టెయ్యి.
దుమ్ము తగలనీయొద్దు."

దుమ్ము.
ఎర్రగుంట్ల నాపరాళ్ల మిషను కాడ
పద్దెనిమిదేళ్లు.
నేను దగ్గినా.
దూడ దగ్గింది.
సంచి మూయబోయినామె
ఎవరు దగ్గిందీ తెలీనట్టు చూసింది.

రాత్రి గోనెపట్ట కప్పి
డొక్కమీద నా చెయ్యి పెట్టినా.
అరవై ఎనిమిది.
తప్పేమోనని మళ్లీ మొదలుపెట్టినా.

ఎప్పుడొచ్చిందో నరసక్క,
నా వీపు మీద చెయ్యేసి
పెదాలు కదిలిస్తా ఉంది.