ఉతకని ఉన్ని

చిలోయే దీవిలో వానకి వేళాపాళా లేదు.
పడవ దిగేలోగానే
కెమెరాకి తొడిగిన రొట్టెల కవరు చిరిగింది,
హోటలువాళ్ళిచ్చిన స్నానపు టోపీ గాలికెగిరింది.
చొక్కాలో దూర్చుకుని పరిగెత్తాను,
పసిబిడ్డని పొదువుకున్నట్టేం కాదు,
దొంగిలించిన కోడిని దాచినట్టు.

ఎదెల్మీరా వంటింట్లో కట్టెల పొయ్యి.
సెగకి పెట్టబోతుంటే
చేయి పట్టుకుని ఆపింది:
"చలిలోంచి వచ్చిన కన్ను
ఒక్కసారిగా వేడి చూస్తే పొర కమ్ముతుంది.
గుమ్మంలోనే ఉంచు, తడిసిన కుక్కనుంచినట్టు.
మెల్లిగా అదే ఇంటిదవుతుంది."

రాత్రి పెట్టె తెరిచి ఒక స్వెట్టర్ తీసింది.
విప్పి, చూసి,
గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరతోనే
కుడిచేతిని భుజం దాకా కోసేసింది.
నేను వద్దనేలోపే.
ఉతకని ఉన్ని. ముక్కు దగ్గర పెడితే గొర్రె.
"ఈ జిడ్డే గొడుగు.
మా నోల్బెర్తో ముప్పై ఏళ్ళు
ఇది తొడుక్కునే చేపలకి పోయాడు.
వాన ఒక్క చుక్క లోపలికి దిగలేదు."
పొయ్యిలో కట్టె ఎగదోసి,
"సముద్రం సంగతి వేరు," అంది.

మర్నాడంతా జల్లులోనే తిరిగాను.
కర్రకాళ్ళ మీద నిలబడ్డ ఇళ్ళు,
మోకాళ్ళ లోతు నీళ్ళలో నాచు ఏరే పిల్లలు,
చెక్కపెంకుల చర్చి మెట్ల మీద
ఎవరో మరిచిపోయిన బంగాళాదుంపల బుట్ట.
చేయి లేని ఆ స్వెట్టర్ చెయ్యి
కెమెరాని వదల్లేదు.

ఇప్పుడు చూస్తుంటే
ప్రతి ఫోటోలోనూ పైమూల
వంకరగా ఒక ఉన్నిపోగు.
చెరపడానికి ఒక్క నొక్కు చాలు.
వేలు మీటదాకా వెళ్ళింది.
ఇంకా అక్కడే ఉంది.