ఎనభై దుప్పట్లు

శుక్రవారం రాత్రి పదకొండుకు
బెంగళూరు కార్లు గండికోట మలుపు తిరుగుతాయి.
నేను ఇంగా లెక్కపెడుతూనే ఉంటా.
నలభై టెంట్లు, ఎనభై తెల్ల దుప్పట్లు.
ఒకటి తగ్గితే నా కూలీలో రెండు నూర్లు కోత.

తెలుపు ఎవురు కనిపెట్టినారో గానీ
ఉతికేటోళ్లని అడిగి ఉండరు.

మూడేండ్ల కిందట ఈ చేతులది నాపరాయి రంగు.
ఎర్రగుంట్ల దావలో పాలిష్ ఫ్యాక్టరీ,
నేను బండలు కడిగేదాన్ని,
మా ఆయప్ప మిషన్ మీద.
గరుకు బండకు నీళ్లు పోసి, చక్రం తిప్పి తిప్పి
నల్లగా మెరిసే దాకా వదిలేటోడు కాదు.
"మొగం కనపడిందా?" అని నన్ను పిలిచేటోడు.
వంగి చూసేదాన్ని.
బండలో నా ముక్కుపుడక కనపడితే
ఇంగ ఆ బండ లారీ ఎక్కొచ్చు.

తర్వాత గుజరాత్ టైల్స్ వచ్చినాయి.
కరెంటు బిల్లు వచ్చింది.
బ్యాంకోళ్లు వచ్చినారు.
లారీలే రాల్యా.
మా సేటు ఏడ్చినాడు, నిజంగానే ఏడ్చినాడు,
మూడు నెలల జీతం బాకీ పెట్టి
మనిషికొక బండ ఎత్తుకపొమ్మన్నాడు.

ఇప్పుడు ఊరు పెరుగుతాంది సామీ.
మొన్న శనగచేను ఉన్న తావ ఈ పొద్దు రిసార్ట్ బోర్డు.
జమ్మలమడుగులో మా రూము బాడిగ రెండింతలు.
మస్తానమ్మ రాగిసంగటి రెండు ముద్దలు మూడు నూర్లు,
పొయ్యి ముందర ఆమెతో ఫోటో ఫ్రీ.
ఆమె ఇంట్లో ఉడికేది స్టోరు బియ్యం.

బండల లారీ క్లీనరు పెన్నోబులేసు గైడైనాడు.
వారం వారం వాని కథలో
రాజులు పెరుగుతాండారు, ఏనుగులు పెరుగుతాండాయి,
నోట్లు రాలేది మాత్రం రాణి దూకిన కాడనే.
"యాడ దూకిందిరా?" అంటే
"ఫోటో బాగొచ్చే తావక్కా" అంటాడు.

మా ఆయప్పకు కొత్త రిసార్ట్‌లో పని.
నేల తుడిచేది.
ఆ నేల గుజరాత్ టైల్స్.
మొదటి దినం బకెట్ పట్టుకోని
శానాసేపు ఊరికే నిలబడినాడంట.
రాత్రి అన్నం కాడ చెప్పినాడు:
"పెట్టెలోంచి తీసేటప్పటికే మొగం కనపడతాదే,
ఇంగ మనిషి చేసేదేముంది దాంట్లో."
నేనేమీ అనల్యా.
రొవ్వంత పప్పు ఎక్కువ వేసినా.

ఒక తెల్లారుజామున ఇద్దరం లోయ అంచుకు పోయినాం.
పొద్దు పొడిచేది చూసేదానికి కాదు,
గాలికి ఎగిరిపోయిన దుప్పటి ఎతికేదానికి.
ఆడ యాభై మంది ఫోన్లెత్తి నిలబడినారు.
కింద పెన్న, కదలకుండా.
రెండు పక్కలా ఎర్రరాయి, పొరమీద పొర.
వాళ్లంతా ఒక్కసారి "వావ్" అన్నారు.
ఆయప్ప వేలు చాపి కొలుచ్చాండాడు.
"మన రాయి కాదులే గానీ,
అది అంగుళం. అది ఒకటిన్నర.
ఆ కిందది చూడుమే, రెండంగుళాల సరుకు,
ఒక్క పగులు ల్యా.
ఎంత స్టాకు!
కొనేటోడు లేక ఎన్నేండ్లుగా పడుండాదో."

నాకు నవ్వొచ్చింది. ఆయప్పకు దగ్గొచ్చింది.
ఆ దగ్గు ఫ్యాక్టరీది.
అదొక్కటే మూతబడల్యా.

దుప్పటి కంపచెట్టుకు చిక్కుకోనుండె.
ఒక మూల జానెడు చినుగు.

సోమవారం టెంట్లు ఖాళీ.
జీతం కింద తెచ్చుకున్న బండ మీదనే ఉతుకుతా.
మొదట్లో నున్నగుండి గుడ్డ నిలిచేది కాదు,
సబ్బు పెడితే పాము మాదిరి జారేది.
"రొవ్వంత గరుకు చెయ్" అన్నా.
ఉలి తీసుకోని రెండు దినాలు ఊరికే కూచున్నాడు.
మూడో దినం కొట్టినాడు,
ఇరవై ఏండ్లు చేసిన పని ఎనక్కి చేసినట్ల.

ఒక మూల మాత్రం వదిలేసినాడు, అరచెయ్యంత.
నురగ పోయినాక వంగితే
పుడక తాకట్టులో ఉండాది గానీ
ముక్కైతే కనపడతాది.

డెబ్భై ఎనిమిది.
డెబ్భై తొమ్మిది.
ఎనభయ్యోది, చినుగు లోపలికి పెట్టి మడిచినా.