చెదలు తిన్న చోటు

రాణి సైనికులు ఇల్లిల్లూ గాలించిన ఏడాది
రకేతకవ్వ తండ్రి ఆ పుస్తకాన్ని
మైనపు గుడ్డలో చుట్టి
వడ్ల పాతరలో పూడ్చాడట.
పైన మూడు గంపల ఎర్రమట్టి,
మట్టి మీద కట్టేసిన ఎద్దు.
అడిగినవాళ్లకి ఎద్దే జవాబు.

పదకొండేళ్లకి తవ్వితే
తండ్రి లేడు. పుస్తకం ఉంది.
చెదలు కూడా ఉన్నాయి.

అంచులు కొరికి వదిలేశాయి చాలాచోట్ల.
ఒక్కచోట మాత్రం అరపుట లేదు.
ఆ మనిషి పోయి నాలుగు రోజులు:
అక్కచెల్లెళ్ల ఏడుపు ఉంది,
వాసన సంగతి ఉంది,
రాయి తీసెయ్యమన్న మాట ఉంది.
ఆ తర్వాత, నా చెయ్యి దూరేంత ఖాళీ.

అవ్వ అక్కడికి రాగానే ఆగేది.
దాటేసేది కాదు. కల్పించేది కాదు.
చెదలు ఎంత తిన్నాయో అంతసేపు
ఊరకుండేది.
పొయ్యిలో ఎండుగడ్డి చిటపటమనేది.
నేను ఓర్చుకోలేక, "లేచాడా అవ్వా?" అనేవాణ్ణి.
తడివేలితో ఆకు తిప్పేది.
"ఇదిగో, ఇక్కడ భోజనానికి కూర్చున్నాడు.
ముందు నిజం చెప్పినవాడు,
వెనక నిజం చెప్పినవాడు,
నడిమధ్య నాతో అబద్ధమాడతాడట్రా?"

"బొక్కపడ్డ కాగితాన్ని పట్టుకుని
పరలోకం పోతావా?" అని నవ్వాడు
మామయ్య రైనిబుతు.
"నీ మడిగట్టుకి ఎలుకలు బొక్కపెట్టాయి,
నారు వెయ్యడం మానేశావా?" అంది.
ఆ పూట మామయ్య మాట్లాడకుండా తిన్నాడు.

తననరివు నుంచి ఉప్పు మూటలతోపాటు
కొత్త పుస్తకాలు కొండెక్కి వచ్చిన వానాకాలం
అవ్వ చాప దిగడం మానేసింది.
రెండు బాతులిచ్చి ఒకటి తెచ్చాను.
పుట నిండుగా ఉంది. నా చేతులే వణికాయి.

"ముందు పాతది చదువు" అంది.
చదివాను. ఖాళీ దగ్గర ఆగాను.
ఆమె పెదవులు ఆ ఖాళీ పొడుగునా
మెల్లగా కదిలాయి. ఏమనుకుందో తెలీదు.
అప్పుడు కొత్తది తీసి
నలభై ఏళ్లుగా లేని ఆ మాటలు
గట్టిగా చదివాను.

అవ్వ కళ్లు తెరిచింది.
"ఇంతేనా?" అంది. "పేరు పెట్టి ఒక్క కేకేనా?
నేనింకా పెద్ద ప్రార్థనేదో ఉంటుందనుకున్నాను."
దగ్గొచ్చేదాకా నవ్వింది,
నవ్వొచ్చేదాకా దగ్గింది.

గురువారం పోయింది.

పట్టుగుడ్డ చుట్టి, పూర్వీకుల పక్కన పడుకోబెట్టి
మా వంశం రాతితలుపు మూసేశాం.
భుజాలు నొప్పి. వాన.
ఇంటికొచ్చి చాపలు పరిచాను,
మామయ్యకి, అమ్మకి, నాకు,
అలవాటు కొద్దీ కాదు సుమా,
ఇంకొకటి.
మామయ్య చూశాడు, ఏమీ అనలేదు.
ఆ చాప ముందు కూడా
వేడన్నం పెట్టాడు.