మైనస్ పదకొండు

హన్మకొండల మే నెల.
రాత్రి పదింటికి కరెంటు పోయింది,
జనరేటర్ల డీజిల్ లేదు.
ఫ్రీజర్ మూతకు చెవి పెట్టి విన్న.
లోపల మూడు వందల పన్నెండు గొట్టాలు,
గొట్టానికొక క్రిల్లు,
దక్షిణ ధ్రువం కాడ వలల పడ్డవి.
తిమింగలం నోట్ల పడాల్సిన బువ్వ
నా లెక్కలకొచ్చింది.

స్కూటీ మీద కాశిబుగ్గకు ఉరికిన.
ఐసు ఫ్యాక్టరీల ఓదేలు
ఊక దులిపి రెండు దిమ్మెలు గోనెసంచిల కట్టిండు.
"ఏం చేపలు మేడం?"
"చేపలు కాదు. చిటికెన వేలంత ఉంటయ్, రొయ్యల లెక్క."
"గంతేనా!"
జర ఆగి, "ఆడ ఐసు తగ్గుతున్నదట గదా" అన్నడు,
పాకాల నీళ్లు ఎంత దిగినయని అడిగినట్టు.
"ఐసు అడుగున పాచి మేసి బతుకుతయ్ వాటి పిల్లలు.
అది పోతే మేత లేదు."
ఓదేలు ఏమనలే.
మూడో దిమ్మె ఎత్తిండు.

పోచమ్మ మైదాన్ దాటేసరికి
కాళ్ల మీద సగం సముద్రం కారింది.

రెండుంబావుకు కరెంటొచ్చింది.
ముల్లు పదకొండు కాడ ఉంది.
రోజూ మైనస్ ఇరవై రాసే గడి.
ఇయ్యాల కూడా ఇరవై రాస్తే ఎవ్వలు చూస్తరు?
కానీ వచ్చే ఏడు ఇంకో ఓడ పోతది, ఇంకో వల దిగుతది,
ఈ అంకెను నమ్ముకొని.
మైనస్ పదకొండు అని రాసిన.
పక్కన, చిన్నగ:
ఐసు ఇచ్చింది ఓదేలు, కాశిబుగ్గ.

పొద్దుగాల సారు చూసిండు.
"అంకె ఉండనీ. ఈ పేరెందుకమ్మా, కొట్టెయ్."
పెన్నుల సిరా అయిపోయిందన్న.