మూడు ప్రతులు

కోపాన్ని గుమ్మంలోనే విప్పెయ్, వినిఫ్రెడ్,
తడిసిన కోటుతో పాటు ఆ మేకుకే తగిలించు.
ఈ బల్ల మీద దానికి చోటు లేదు.
కాగితాలు పరుచుకోవాలి.

హల్ రేవులో ముప్పై ఏళ్ళు సరుకు లెక్క రాసినవాణ్ణి.
పెట్టె దిగిందా, సంతకం పడిందా,
నాకు తెలిసిన న్యాయశాస్త్రం అంతే.
పైగా ఒక కేసు ఓడిపోయాను.
గోతులెక్కడున్నాయో
పడ్డవాణ్ణే అడగాలి.

ముందు తేదీలు.
"నన్నెంత ఏడిపించాడో" అని మొదలుపెట్టకు.
మార్చి నాలుగు: టీ కొట్టు స్టాథర్స్ కుర్చీలు పంపాడు.
మార్చి ఇరవై: పాత గుర్రపు వెంట్రుకలు పీకి,
కొత్త స్ప్రింగులు కట్టి,
ఆకుపచ్చ వెల్వెట్ తొడిగి తిరిగిచ్చావు.
ఇరవై ఒకటి: "చూడముచ్చటగా ఉన్నాయి" అని అతనే మెసేజ్ పెట్టాడు.
ఏప్రిల్ అంతా ఉలుకూ లేదు పలుకూ లేదు.
మేలో అన్నాడు, రంగు తప్పని.

ఆ మెసేజ్ ప్రింటు తీయించు.
ఫోనెత్తి జడ్జికి చూపిద్దామనుకున్నాను ఆనాడు నేను.
బ్యాటరీ అయిపోయింది.
నవ్వకు.
పదకొండు వందల పౌండ్లు
ఆ నల్లటి అద్దంలో మునిగిపోయాయి.

రంగు ముక్క ఏమైనా ఉందా, అన్నాను.
సంచిలోంచి తీసింది, అగ్గిపెట్టెంత వెల్వెట్ పీలిక.
దానికి అంటించిన చీటీ మీద పెన్సిలుతో
స్టాథర్స్ గొలుసు రాత: ఇదే.
రెండంటే రెండక్షరాలు.
దాన్ని తెల్లకాగితానికి గుచ్చి
పేజీ నాలుగు అని వేశాను,
చేతులు కాస్త వణికాయి కూడా.

ఇక ఎత్తుగడ.
అతను అరుస్తాడు, నువ్వు అరవకు.
అతని మొహం చూడకు, జడ్జినే చూడు.
అడిగినదానికే జవాబు, ఆపైన నోటికి తాళం.
గదిలో మౌనం పడితే పడనీ,
దాన్ని పూడ్చే పని నీది కాదు.
అబద్ధమాడేవాడికే ఖాళీ చోటు కనిపిస్తే కాలు నిలవదు.

ఇలా దంచుతూనే బిల్లు కూడుతున్నాను,
రేవు అలవాటు, ఫొటోలో ఒక్కో కుర్చీ మీద వేలు పెట్టి.
ఆగిపోయాను.
ఫొటోలో తొమ్మిది.
బిల్లులో పది.
ఒక్కోటి అరవై అయిదు పౌండ్లు.

ఆమె చాలాసేపు ఫొటోకేసే చూసింది.
"మార్చిలో మా చెల్లెలు ఆసుపత్రిలో ఉంది.
రాత్రిళ్ళు కుట్టాను.
బిల్లు ఏ రాత్రి రాశానో గుర్తు లేదు."
కెటిల్ ఈల వేసింది. ఇద్దరమూ లేవలేదు.
స్టాథర్స్ లెక్కపెట్టి ఉండడు, అన్నాను.
అన్నది నేనే,
ముప్పై ఏళ్ళు పెట్టెలు లెక్కపెట్టినవాణ్ణి.

నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.
"పది అని వేయడం నా పొరపాటు. కుర్చీలు తొమ్మిది.
నాకు రావలసింది ఆరు వందల యాభై కాదు,
అయిదు వందల ఎనభై అయిదు."
మొదటి పేజీలో పెట్టమంది, అన్నిటికంటే పైన.
నా ఎత్తుగడల్లో ఇది లేదు.
అంకెలన్నీ చెరిపి
ఒకటి నుంచి మళ్ళీ వేసుకుంటూ వచ్చాను.
వెల్వెట్ ముక్క పేజీ అయిదయింది.

కోర్టుకొకటి, అతనికొకటి, మనకొకటి.
ఇరవై మూడు కాగితాల దొంతరకి
నా స్టేప్లర్ చేతులెత్తేసింది.
సంచిలోంచి వంకర సూది తీసింది ఆమె,
మైనం రుద్దిన దారం తీసింది.
కుర్చీకి వేసే కుట్టే,
అంచుకి వేలెడు లోపల,
ముడి కనబడకుండా.

కిటికీ అవతల హంబర్ మీంచి మంచు దిగుతోంది.
వీధి మలుపులో మీగడరంగు టెలిఫోన్ డబ్బా
సగం చెరిగిపోయింది.
మూడో ప్రతికి దారం ఎక్కిస్తూ అడిగింది:
"అతనికి పంపేది కూడా
ఇంత గట్టిగా కుట్టాలా, ఆంబ్లర్?"

మూడూ ఒకేలా ఉండాలి, రూలు, అన్నాను.
అలాంటి రూలు ఎక్కడా లేదు.