తాడుకు అటూ ఇటూ

గ్బోకో దారిలో మా సోయా చేను. నడిమధ్య తాడు.
అటు ఓర్సేర్ అప్పు చేసి తెచ్చిన బస్తా ఎరువు:
తెల్లగా, పొడిగా, ఏ వాసనా లేకుండా.
ఇటు నా కోళ్ల పెంట.
నెల మాగబెట్టినా కంపు పోలేదు,
చర్చిలో నా బెంచీ మీద
నేనొక్కదాన్నే.

వానలు పడ్డాయి.
అటు మొక్కలే ముందు ఏపుగా లేచాయి.
మా ఆయన ఈల వేశాడు.
నేను గుడ్లు లెక్కపెట్టుకున్నాను.

పూతకొచ్చాక చెరో మొక్కా పీకాం.
అతని వేరు నున్నన,
నోటికందించి పెంచిన బిడ్డలా
పనే నేర్వలేదు.
నా వేరు నిండా బుడిపెలు.
గోటితో చిదిమితే
లోపల ఎర్రన.

కోతలయ్యాక తూచాం.
అర బస్తా అతనిదే ఎక్కువ.
అదీ, ఇంకో రెండూ
ఎరువుల కొట్టువాడు తీసుకుపోయాడు.

ఆ రాత్రి కోళ్లగూట్లో
పార గీరుతున్న చప్పుడు.

నిద్రపోతున్నట్టే పడుకున్నాను.